పంజరం కోడి, పెరటి కోడి: మనం ఎటు నిలబడాలి?

గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలో మొదటి స్థానంలో ఉంది. తెలంగాణది మూడో స్థానం. కేంద్ర పశుసంవర్ధక శాఖ లెక్కల ప్రకారం 2023-24లో దేశం మొత్తం మీద 14,277 కోట్ల గుడ్లు ఉత్పత్తి అయ్యాయి. అందులో 17.85 శాతం ఆంధ్రప్రదేశ్‌వి, 12.88 శాతం తెలంగాణవి. అంటే దేశంలో పది గుడ్లు తయారైతే మూడు మన రెండు రాష్ట్రాలవే. కోడిని ఎలా పెంచాలన్న చర్చ ఢిల్లీలో జరిగినా, ఏ కోర్టులో జరిగినా, దాని మంచి చెడ్డలు ముందుగా తగిలేది మన ఊళ్లకే.

ఈ చర్చలో ఇప్పటివరకు రెండు గొంతులే గట్టిగా వినిపిస్తున్నాయి. పంజరాల్లో కోళ్లను పెంచడం క్రూరత్వం, వెంటనే నిషేధించాలి అంటున్నాయి జంతు సంక్షేమ సంఘాలు. పంజరాలు తీసేస్తే గుడ్డు పేదవాడికి అందకుండా పోతుంది అంటున్నారు పరిశ్రమ పెద్దలు. మొదటి వాదనలో రైతు దోషిగా కనిపిస్తాడు. రెండో వాదనలో రైతును అడ్డం పెట్టుకుని మాట్లాడతారు. రైతును అడిగి మాట్లాడేవారు ఇద్దరిలోనూ తక్కువ.

మన సంఘంలో అప్పు తెచ్చి షెడ్డు వేసి పది, ఇరవై వేల లేయర్ కోళ్లు పెంచే రైతులు ఉన్నారు. పెరట్లో పది కోళ్లు పెట్టుకుని గుడ్లమ్మిన డబ్బుతో ఇంటి ఖర్చు నెట్టుకొచ్చే అక్కచెల్లెళ్లు ఉన్నారు. కోళ్ల దాణాకు మొక్కజొన్న పండించే రైతులూ ఉన్నారు. వీరందరినీ దృష్టిలో పెట్టుకుని మా అభిప్రాయం ముందే చెబుతున్నాం. పంజరాన్ని వెనకేసుకు రావాల్సిన అగత్యం రైతుకు లేదు. అయితే దాన్ని మార్చే ఖర్చంతా రైతు నెత్తిన రుద్దితే ఒప్పుకోం. పెరటి కోడి గురించి మంచి మాటలు చెప్పి ఊరుకుంటే చాలదు, ఆ గుడ్డును ప్రభుత్వం కొనాలి.

పంజరంలో కోడి బతుకు

లేయర్ ఫారాల్లో ఒక్కో కోడికి దొరికే చోటు సాధారణంగా 400 నుంచి 450 చదరపు సెంటీమీటర్లు. జిరాక్స్ తీసే మామూలు ఏ4 కాగితం 620 చదరపు సెంటీమీటర్లకు పైనే ఉంటుంది. ఆ కాగితం కంటే తక్కువ చోటులో కోడి ఏడాదికి పైగా, అమ్మేసే దాకా, నిలబడి ఉండాలి. రెక్క చాచలేదు. కాళ్ల కింద వాలుగా ఉన్న తీగ జాలీ తప్ప మట్టి తగలదు.

కోళ్లు పెంచిన ఇంట్లో కోడి తీరు ఎవరికీ చెప్పనక్కర్లేదు. తెల్లారి గూడు తలుపు తీయగానే పెంటకుప్ప మీదికి వెళ్లి కాళ్లతో గీరుతుంది. ఎండ వేళ మట్టిలో పొర్లుతుంది. పొద్దు వాలితే ఎత్తైన చోటు చూసుకుని ఎక్కుతుంది. గుడ్డు పెట్టే వేళకు గంపో, గడ్డివామి మూలో, ఎవరికీ కనపడని చోటు వెతుక్కుంటుంది. పంజరంలో వీటిలో ఒక్కటీ సాగదు. ఒకదాన్నొకటి పొడుచుకోకుండా పిల్లగా ఉన్నప్పుడే ముక్కు కొసలు కాలుస్తారు. ఒంట్లో సున్నమంతా గుడ్డు పెంకుకే పోతుంది, కదలిక ఉండదు, దాంతో ఎముకలు పెళుసుబారతాయి. హేచరీల్లో లేయర్ జాతి మగ పిల్లల్ని పుట్టిన రోజే చంపేస్తారు. అవి గుడ్డు పెట్టవు, మాంసానికి ఎదగవు కాబట్టి.

ఈ సంగతులు షెడ్డు నడిపే రైతుకు తెలియనివి కావు. పొద్దున్నే షెడ్డులోకి వెళ్లి చచ్చిన కోళ్లను ఏరి బయటపడేసేది అతనే. ఇష్టమై ఈ పద్ధతిని ఎంచుకున్నాడని అనడం అన్యాయం. అతన్ని అటు నెట్టింది గుడ్డు ధర.

ధర ఎలా నెట్టింది

నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడుతుంది. మధ్యలో పొదుగుతుంది, పిల్లల్ని తిప్పుతుంది. లేయర్ కోడి ఏడాదికి 300కు పైగా పెడుతుంది. అది రోజుకు దాదాపు 110 గ్రాముల దాణా తింటుంది. పదివేల కోళ్ల షెడ్డుకు రోజుకు 11 క్వింటాళ్ల దాణా కావాలన్న మాట. గుడ్డు ఖర్చులో మూడింట రెండు వంతులు దాణాకే పోతుంది. మిగిలిన దాంట్లో కరెంటు, మందులు, కూలి, బ్యాంకు వడ్డీ.

ఒకప్పుడు గుడ్డు ధరను దళారులే నిర్ణయించేవారు. ఆ పరిస్థితిని ఎదిరించి 1982లో రైతులు జాతీయ గుడ్ల సమన్వయ కమిటీని, మనం నెక్ అని పిలుచుకునే సంస్థను, ఏర్పాటు చేసుకున్నారు. డాక్టర్ బి.వి. రావు దానికి నాయకత్వం వహించారు. నా గుడ్డుకు ధర నేనే చెబుతాను అని రైతు అనగలగడం ఆనాటికి పెద్ద అడుగు. దాన్ని తక్కువ చేయలేం. కానీ ఆ ధర ఇప్పటికీ సూచన మాత్రమే. షెడ్డు దగ్గర కొనే వ్యాపారి దానికి కట్టుబడాలన్న చట్టం లేదు. చలికాలంలో ఉత్తరాది నుంచి గిరాకీ వస్తే ధర పెరుగుతుంది. ఎండాకాలంలో, శ్రావణ, కార్తీక మాసాల్లో వాడకం తగ్గితే పడిపోతుంది. ధర పడిందని కోడి గుడ్డు పెట్టడం మానదు, దాణా తినడం మానదు. గుడ్డును ధాన్యంలా గోదాములో దాచిపెట్టి మంచి ధర కోసం చూసే వీలూ లేదు.

గుడ్డు మీద మిగిలేది పైసల్లో ఉన్నప్పుడు రైతుకు కనిపించే దారి ఒక్కటే. అదే షెడ్డులో మరిన్ని కోళ్లు పెట్టడం. ఒక వరుస ఉన్నచోట మూడు వరుసలు, నాలుగు కోళ్లు ఉన్న గదిలో ఐదు. పక్కవాడు పెట్టాక తాను పెట్టకపోతే నిలబడలేడు. ఈ పరుగులో లక్షల కోళ్లున్నవాడు తట్టుకుంటాడు. ఐదు వేలు, పదివేల కోళ్ల రైతు షెడ్డు ఖాళీ చేసి అప్పుతో మిగులుతాడు. పంజరం చిన్న రైతును కాపాడుతోందన్న పరిశ్రమ పెద్దల మాట ఇక్కడే తేలిపోతుంది.

దాణా విషయంలోనూ ఇదే తంతు. మొక్కజొన్న ధర పెరిగితే కోళ్ల రైతు మునుగుతాడు, తగ్గితే మొక్కజొన్న రైతు మునుగుతాడు. 2021 ఆగస్టులో కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా పిండి దిగుమతికి అనుమతించింది. కోళ్ల పరిశ్రమ ఊపిరి పీల్చుకుంది. పంట చేతికొచ్చే ముందు సోయా రైతుల గుండెలో రాయి పడింది. ఒక రైతు బతకాలంటే మరో రైతు ధర పడాలి అన్నట్టు తయారైన పద్ధతి ఇది. పెరట్లో తిరిగే కోడి గడ్డి, పురుగు, కళ్లంలో రాలిన గింజ, ఇంట్లో మిగిలిన మెతుకు తిని మేతలో కొంత తానే సంపాదించుకుంటుంది. అంతమేరకు ఈ పోటీ నుంచి బయట ఉంటుంది.

జబ్బు వచ్చినప్పుడు

2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరి జిల్లా తణుకు మండలం వేల్పూరులో, తూర్పు గోదావరి జిల్లా పెరవలి మండలం కానూరులో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. అంతకు ముందు ఏడాది ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో వచ్చింది. వేల కోళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్న షెడ్డులోకి వైరస్ దూరితే ఆపడం ఎవరి తరమూ కాదు. జబ్బు తేలిన చోటు నుంచి కిలోమీటరు లోపల ఉన్న కోళ్లన్నిటినీ చంపి పూడ్చాలి. ఫారం కోళ్లతో పాటు ఆ ఊరి పెరటి కోళ్లూ పోతాయి.

పరిహారం లెక్క కూడా రైతులు తెలుసుకోవాలి. ప్రభుత్వ సిబ్బంది చంపిన కోళ్లకే పరిహారం వస్తుంది. జబ్బుతో అప్పటికే చచ్చిన కోళ్లకు రాదు. త్వరగా సమాచారం ఇచ్చిన రైతుకు మేలు జరగాలన్నది దీని వెనక ఉద్దేశం కావచ్చు. కానీ పరీక్ష ఫలితం భోపాల్ ప్రయోగశాల నుంచి వచ్చేలోగా సగం షెడ్డు ఖాళీ అయితే, ఆ సగానికి రైతుకు మిగిలేది సున్నా.

మందుల సంగతి మరొకటి. ఇరుకులో పెరిగే కోళ్లకు జబ్బు రాకముందే యాంటీబయాటిక్‌లు దాణాలో కలిపే అలవాటు ఎన్నో ఏళ్లు సాగింది. మనుషులకు వేరే మందులేవీ పనిచేయనప్పుడు వాడే కొలిస్టిన్‌ను కూడా కోళ్లకు వాడారు. 2019 జూలైలో కేంద్ర ఆరోగ్య శాఖ పశువులు, కోళ్లు, చేపల కోసం ఆ మందు తయారీని, అమ్మకాన్ని నిషేధించింది. ఆ నిర్ణయం సరైనదే. ఇరుకు తగ్గించకుండా మందు ఒక్కటే తీసేస్తే రైతు మరో మందు కోసం దుకాణానికి వెళ్తాడు.

పెరటి కోడి గురించి నిజం చెప్పుకుందాం

పెరటి కోళ్ల పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. 2019 పశుగణన ఆ మాట తప్పని చూపింది. దేశంలోని 85 కోట్ల కోళ్లు, బాతులు వగైరా పక్షుల్లో దాదాపు 31.7 కోట్లు పెరట్లో పెరుగుతున్నవే. 2012 నుంచి 2019 వరకు ఇవి దాదాపు 46 శాతం పెరిగాయి. అదే కాలంలో ఫారాల్లో పక్షుల సంఖ్య పెరిగింది ఐదు శాతం లోపే. ప్రభుత్వ విధానాలన్నీ పెద్ద షెడ్ల వైపు మొగ్గినా ఆడవాళ్లు పెరటి కోడిని వదిలిపెట్టలేదు.

మనకు మంచి జాతులకు కొదవ లేదు. గోదావరి ప్రాంతం అసీల్ కోడికి పుట్టిల్లు. రాజేంద్రనగర్‌లోని జాతీయ కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలను పెరటి పెంపకం కోసమే తయారు చేసింది. హైదరాబాద్ పశువైద్య కళాశాల రాజశ్రీని ఇచ్చింది. గ్రామప్రియ పెరట్లో తిరుగుతూ కాస్త మేత అందితే ఏడాదికి 160 గుడ్ల దాకా పెడుతుంది. నాటు పెట్ట పెట్టేదానికి ఇది రెండింతల పైమాటే.

కష్టాలు కూడా చెప్పాలి. గ్రామప్రియ లాంటివి సరిగ్గా పొదగవు, పిల్లల్ని మళ్లీ మళ్లీ కొనుక్కోవాలి. ఆరు వారాల దాకా వెచ్చదనం, టీకాలు చూసుకోకపోతే పిల్లలు దక్కవు. కాకి, గద్ద, ముంగిస, పిల్లి, వీధి కుక్క అన్నిటి కన్నూ వాటి మీదే. అన్నిటినీ మించింది కొక్కెర తెగులు. ఒక్క ఇంట్లో మొదలైతే వారంలో ఊరంతా గూళ్లు ఖాళీ అవుతాయి. దానికి టీకా ఉంది, ఖరీదైనదీ కాదు. చిక్కేమిటంటే టీకా సీసాలో వంద డోసులు, అంతకు మించి ఉంటాయి. ఒకసారి కలిపాక కొద్ది గంటల్లో వాడేయాలి. పది కోళ్లున్న ఇల్లాలు వంద డోసుల సీసా కొని ఏం చేస్తుంది? ఊరంతటికీ ఒకే రోజున వేస్తే తప్ప ఇది కుదరదు. ఆ పని పశువైద్య శాఖది. ఖాళీగా ఉన్న గోపాలమిత్ర, పశు సంవర్ధక సహాయకుల పోస్టులు నింపకుండా ఆ పని జరగదు.

పంజరాలు లేకుండా దేశానికి కావాల్సిన గుడ్లన్నీ రేపటికి పెరటి నుంచే వస్తాయని మేము చెప్పడం లేదు. రాలేవు. కానీ ఊరికి కావాల్సిన గుడ్డు ఊళ్లోనే తయారు కాగలదు. ఒక లెక్క చూద్దాం. ఒక అంగన్‌వాడీకి రోజుకు 30 గుడ్లు, అంటే ఒక ట్రే, కావాలనుకుందాం. ఏడాదికి 160 గుడ్లు పెట్టే కోళ్లు 70 ఉంటే సరిపోతుంది. ఇంటికి పది కోళ్ల చొప్పున ఏడు ఇళ్లు. చచ్చిపోయేవాటికి, పెట్టడం ఆపేసేవాటికి మరో మూడు ఇళ్లు కలుపుకుంటే పది. ఒక స్వయం సహాయక సంఘం చాలు.

ఇప్పుడు ఏం జరుగుతోంది? మన రెండు రాష్ట్రాల్లోనూ అంగన్‌వాడీ పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు, బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ప్రభుత్వమే గుడ్లు ఇస్తోంది. అవి టెండర్ల మీద కాంట్రాక్టర్ల ద్వారా వస్తాయి. ఊళ్లో కోడి ఉంటుంది, ఊళ్లో బిడ్డ ఉంటుంది, గుడ్డు మాత్రం జిల్లాలు దాటి లారీలో వస్తుంది. దారిలో పగిలినవి, చిన్నవి, పాతబడినవి వచ్చాయని ఊళ్లలో గొడవలు కొత్త కాదు. ఏడాది పొడుగునా నికరంగా గుడ్లు కొనే గిరాకీదారు ప్రభుత్వమే అయినప్పుడు, ఆ కొనుగోలులో కొంత భాగాన్ని మహిళా సంఘాలకు ఇవ్వడానికి కొత్త ఖజానా అక్కర్లేదు, కొత్త ఉత్తర్వు చాలు.

చట్టం, గడువు, ఖర్చు

జంతువు తగినంతగా కదలడానికి వీల్లేని పంజరంలో దాన్ని ఉంచడం నేరమని 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ చెబుతోంది. లా కమిషన్ 2017 జూలైలో ఇచ్చిన 269వ నివేదికలో గుడ్ల కోళ్ల విషయం పరిశీలించి, పంజరాలు లేని పెంపకం వైపు నడవాలని చెప్పింది. తర్వాత 2019లో కేంద్రం తయారు చేసిన ముసాయిదాలో కోడికి కనీసం 550 చదరపు సెంటీమీటర్లు ఉండాలన్న లెక్క వచ్చింది. దారి ఎటు పోతోందో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఇవాళ కాకపోతే రేపైనా షెడ్లు మారక తప్పదు.

ఐరోపా దేశాలు ఏం చేశాయో చూడండి. ఉత్త పంజరాలను తీసేయాలని 1999లో నిర్ణయించి, 2012 జనవరి 1 వరకు గడువు ఇచ్చాయి. పన్నెండేళ్లకు పైగా! సబ్సిడీలకు పేరుపడ్డ దేశాల్లో కూడా ఆ గడువు నాటికి చాలాచోట్ల పని పూర్తికాలేదు. బ్యాంకు అప్పు ఐదేళ్లు, ఏడేళ్లు తీర్చాల్సిన మన రైతును ఒక్క నోటీసుతో మారమంటే అతను మారడు, మూసేస్తాడు. మూసేసిన చోట లక్షల కోళ్ల కంపెనీ వస్తుంది. కోడికి చోటు పెరుగుతుందో లేదో తెలియదు గానీ, రైతుకు మాత్రం చోటు ఉండదు.

అదే ఐరోపాలో గుడ్డు పెంకు మీద ఒక అంకె ముద్రిస్తారు. సున్నా అయితే సేంద్రియ పద్ధతి, ఒకటి అయితే బయట తిరిగిన కోడి, రెండు అయితే షెడ్డులో నేల మీద తిరిగిన కోడి, మూడు అయితే పంజరం కోడి. కొనేవాడికి తెలుస్తుంది, పెంచేవాడికి ధర దక్కుతుంది. మన దగ్గర అటువంటి తప్పనిసరి ముద్ర లేదు. గోధుమ రంగు పెంకు చూపించి నాటు గుడ్డని రెండింతలకు అమ్మేవారు ఊరూరా ఉన్నారు. పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది, పెంచిన పద్ధతిని బట్టి కాదు. గోధుమ రంగు గుడ్డు పెట్టే కోళ్లు పంజరాల్లోనూ ఉన్నాయి. ఈ మోసం వల్ల నష్టపోతున్నది కొనేవారితో పాటు నిజంగా పెరట్లో కోళ్లు పెంచే ఆడవాళ్లు.

మన కోర్కెలు

ఒకటి. అంగన్‌వాడీ, మధ్యాహ్న భోజనం గుడ్ల కొనుగోలులో కనీసం నాలుగో వంతు స్థానిక మహిళా సంఘాల నుంచి, ఉత్పత్తి ఖర్చుకు తగిన ధర ఇచ్చి కొనాలి. డబ్బు నెలలోపు ఖాతాలో పడాలి.

రెండు. ప్రతి గ్రామంలో ఏడాదికి కనీసం మూడుసార్లు కొక్కెర తెగులు టీకా రోజు జరపాలి. టీకా ఉచితంగా వేయాలి. ఆరు వారాలు పెంచి, టీకాలు వేసిన పిల్లల్ని ఇచ్చే కేంద్రం ప్రతి మండలంలో ఉండాలి. ఆ కేంద్రాలను మహిళా సంఘాలకే అప్పగించాలి.

మూడు. పంజరాలు మార్చే నిబంధన అమలు చేసేటప్పుడు చిన్న ఫారాలకు కనీసం పదేళ్ల గడువు, షెడ్డు మార్పుకు సబ్సిడీ, పాత అప్పుకు వడ్డీ మాఫీ ఇవ్వాలి. లక్ష కోళ్లకు మించిన ఫారాలతో, కంపెనీలతో ముందు మొదలుపెట్టాలి.

నాలుగు. గుడ్డుకు ప్రకటించిన ధర కంటే తక్కువకు షెడ్డు దగ్గర కొనడాన్ని అడ్డుకునే చట్టం తేవాలి. మొక్కజొన్నకు మద్దతు ధర అమలు చేస్తూ, చిన్న కోళ్ల రైతులకు దాణా సబ్సిడీ ఇవ్వాలి. ఇద్దరు రైతుల మధ్య పోటీ పెట్టి దిగుమతుల తలుపు తెరవడం మానుకోవాలి.

ఐదు. బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయిన చోట చంపిన కోళ్లతో పాటు జబ్బుతో చచ్చిన కోళ్లకూ పరిహారం ఇవ్వాలి. పెరటి కోళ్లను ఈ లెక్కలో వదిలేయకూడదు.

ఆరు. కోడిని పెంచిన పద్ధతిని గుడ్డు మీద, ట్రే మీద ముద్రించడం తప్పనిసరి చేయాలి.

ఈ కోర్కెలు కాగితం మీద ఉంటే ఫలితం లేదు. వచ్చే నెలలోగా ప్రతి గ్రామ కమిటీ మూడు లెక్కలు తీయాలని కోరుతున్నాం. ఊళ్లో ఎన్ని ఇళ్లలో ఎన్ని పెరటి కోళ్లు ఉన్నాయి? అంగన్‌వాడీకి, బడికి నెలకు ఎన్ని గుడ్లు వస్తున్నాయి, ఎక్కడి నుంచి వస్తున్నాయి? గత రెండేళ్లలో కోళ్లకు టీకా ఎప్పుడు వేశారు? లేయర్ ఫారాలున్న ఊళ్లలో షెడ్డు రైతులతో విడిగా కూర్చుని, అప్పు ఎంత మిగిలిందో, షెడ్డు మార్చడానికి ఎంత అవుతుందో రాసుకోవాలి. ఈ లెక్కలతోనే గ్రామసభలో తీర్మానం పెట్టించి, మండల పశువైద్యాధికారికి, కలెక్టరుకు అందజేద్దాం.

షెడ్డు రైతును, పెరటి కోళ్ల ఇల్లాలిని ఎదురెదురుగా నిలబెట్టి లాభపడాలనుకునేవారు చాలామంది ఉన్నారు. ఆ ఇద్దరూ ఒకే తీర్మానం మీద సంతకం పెట్టాలి. ఆ సంతకాలు పోగు చేయడం ఈ నెల మన పని.